డయాగ్నల్ మూసుకుపోయాక మిగిలే దారులు: ఒక స్టెంట్ రెండుగా మారిన చీలిక కేసు

గుండె రక్తనాళం రెండుగా చీలే చోట బ్లాక్ ఉంటే ఎన్ని పద్ధతుల్లో స్టెంట్ వేయవచ్చో క్యాథ్‌ల్యాబ్‌లో పనిచేసే వాళ్లందరికీ తెలుసు. ప్రొవిజనల్, టీ, ట్యాప్, క్యులాట్, డీకే క్రష్ అని గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తారు. వాటిలో కొన్ని పెద్ద నాళంలో స్టెంట్ తెరుచుకున్న క్షణంలోనే చేజారిపోతాయన్న సంగతి మాత్రం చాలాసార్లు ఆలస్యంగా గుర్తొస్తుంది. చెన్నైలో చేసిన ఈ కేసులో అదే జరిగింది. రోగిని గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసేశాం, కొన్ని మార్చాం. కొలతలు, చేసిన పనుల వరుస మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాం.

నేపథ్యం

అరవై దాటిన మగ మనిషి. నెల్లూరు వైపు పల్లె, వరి సాగు. పద్నాలుగేళ్లుగా షుగర్, ఆరేళ్లుగా బీపీ. రెండు నెలలుగా పొలం గట్టెక్కినా, భోజనం చేసి నాలుగడుగులు వేసినా రొమ్ము మధ్య బరువు. అందరిలాగే గ్యాస్ అనుకున్నారు, సోడా తాగారు, మాత్రలు వాడారు. బరువు ఎడమ దవడలోకి పాకడం మొదలయ్యాకే ఈసీజీ తీయించుకున్నారు. మా దగ్గరికి వచ్చేసరికి బీటా బ్లాకర్, నైట్రేట్ రెండూ వాడుతున్నా రోజుకు రెండుసార్లు నొప్పి వస్తోంది. ఎకోలో గుండె పంపింగ్ 56 శాతం, గోడల కదలిక మామూలుగానే ఉంది. క్రియాటినిన్ 1.1.

యాంజియోగ్రామ్‌లో ఎల్‌ఏడీ (గుండె ముందు గోడకు రక్తమిచ్చే పెద్ద నాళం) మధ్యభాగం, దాని మొదటి పక్క కొమ్మ డయాగ్నల్ కలిసే చోట బ్లాక్. చీలికకు ముందు 80 శాతం, చీలిక దాటాక ఎల్‌ఏడీలో 75 శాతం, డయాగ్నల్ మొదట్లో 80 శాతం. మూడు చోట్లా జబ్బు ఉంది కాబట్టి మెడీనా లెక్కలో 1,1,1. చీలిక దాటాక ఎల్‌ఏడీ 3.0 మి.మీ., డయాగ్నల్ 2.5 మి.మీ. రెండింటి మధ్య కోణం సుమారు 50 డిగ్రీలు. నాళం గోడలో సున్నం (క్యాల్షియం) ఓ మోస్తరు. సర్కమ్‌ఫ్లెక్స్‌లో, కుడి నాళంలో చెప్పుకోదగ్గ జబ్బేమీ లేదు.

చీలికకు ముందు నాళం ఎంత ఉండాలో ఇక్కడే లెక్క కట్టాలి. జబ్బున్న గోడను చూసి కంటితో అంచనా వేస్తే దాదాపు ఎప్పుడూ తక్కువే వస్తుంది. ఫినే సూత్రం సులువు: రెండు కొమ్మల వ్యాసాలు కూడి 0.678తో గుణించాలి. 3.0, 2.5 కలిపితే 5.5. గుణిస్తే 3.73. అంటే చీలికకు పైన 3.75 మి.మీ. బెలూన్ కావాలి. కంటికి మాత్రం 3.25లాగే కనిపించింది.

ముందు వేసుకున్న ప్రణాళిక, దాని వెనక తర్కం

ప్రొవిజనల్‌తో మొదలుపెట్టాలనుకున్నాం. అంటే ఎల్‌ఏడీలో ఒకే స్టెంట్, డయాగ్నల్‌లో కాపలాగా ఒక వైరు, అవసరమైతేనే రెండో స్టెంట్. దీనికి ఆధారాలు గట్టివే. 2016లో వచ్చిన ఈబీసీ టూ అధ్యయనంలో 200 మందిని తీసుకున్నారు. కొమ్మలు 2.5 మి.మీ., అంతకంటే పెద్దవి. ముందే రెండు స్టెంట్లతో క్యులాట్ చేసినందువల్ల అదనపు లాభం కనిపించలేదు. ప్రధాన ఘటనలు ప్రొవిజనల్‌లో 7.7 శాతం, క్యులాట్‌లో 10.3 శాతం.

దీనికి ఎదురుగా 2020 నాటి డెఫినిషన్ 2 ఉంది. 653 మందిలో, సంక్లిష్టమైన చీలికల్లోనే, మొదటి నుంచీ రెండు స్టెంట్లు వేస్తే ఏడాదిలో ఆ చోటికి సంబంధించిన వైఫల్యం 6.1 శాతం, ప్రొవిజనల్‌తో 11.4 శాతం. ఈ రెండు ఫలితాలూ ఒకదాన్నొకటి కాదనవు. చీలిక సంక్లిష్టమా కాదా అన్న ప్రశ్నకు జవాబును బట్టి ఏది వర్తిస్తుందో తేలుతుంది. లెఫ్ట్ మెయిన్ (ఎడమ వైపు మొదలు నాళం) కాని చోట ఆ అధ్యయనం పెట్టిన ప్రధాన కొలబద్ద ఇది: కొమ్మలో ఇరుకు 90 శాతానికి తగ్గకూడదు, జబ్బు పొడవు 10 మి.మీ.కి తగ్గకూడదు. దానికి తోడు సున్నం, 45 కంటే తక్కువ లేదా 70 కంటే ఎక్కువ కోణం, 25 మి.మీ. లేదా అంతకు మించిన ఎల్‌ఏడీ జబ్బు వంటి చిన్న లక్షణాల్లో కనీసం రెండు ఉండాలి.

ఈ కేసులో డయాగ్నల్ ఇరుకును 80 శాతమని, పొడవును 8 మి.మీ. అని రాసుకున్నాం. కొలబద్ద దాటలేదు కాబట్టి ప్రొవిజనల్. తర్కంలో తప్పు లేదు, కొలతలో ఉంది. ఆ 8 మి.మీ. ఆర్‌ఏఓ క్రేనియల్ అనే ఒక్క కోణంలో తీసిన చిత్రం నుంచి వచ్చింది. ఆ కోణంలో డయాగ్నల్ మొదలు మన వైపుకు మడిచినట్టు పొట్టిగా కనిపిస్తుంది. తర్వాత ఎల్‌ఏఓ క్రేనియల్ చిత్రాన్ని తిరిగి కొలిస్తే జబ్బు 13 మి.మీ., ఇరుకు 90కి దగ్గర. డయాగ్నల్‌లోకి ఒక్కసారి ఐవస్ (నాళం లోపలినుంచి అల్ట్రాసౌండ్‌తో చూసే క్యాథెటర్) పంపి వెనక్కి లాగి ఉంటే ఈ సంగతి మొదటి పది నిమిషాల్లోనే తేలేది.

చేసింది ఏమిటి, ఎక్కడ తప్పింది

కుడి మణికట్టు దారి, 6 ఫ్రెంచ్ గైడ్ (పరికరాలు లోపలికి పంపే గొట్టం). రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్ 600 మి.గ్రా. ముందే ఇచ్చాం. హెపారిన్ కిలోకు 100 యూనిట్లు, రక్తం గడ్డకట్టే సమయం (ఏసీటీ) 290 సెకన్లు. రెండు నాళాల్లోనూ వైర్లు. కష్టమైన కొమ్మలో ముందు వేసి, సులువైనది తర్వాత వేస్తే వైర్లు మెలిపడవు. ఎల్‌ఏడీని 2.75 నాన్ కంప్లయంట్ (ఒత్తిడి పెంచినా పెద్దగా సాగని) బెలూన్‌తో 16 అట్మాస్ఫియర్ల ఒత్తిడి దాకా తెరిచాం. బెలూన్ మధ్యలో నొక్కు పడకుండా పూర్తిగా విచ్చుకుంది కాబట్టి సున్నం కోసం వేరే పరికరం అక్కర్లేదనుకున్నాం. డయాగ్నల్‌ను ముందుగా తెరవలేదు. తెరిస్తే లోపొర చీలవచ్చు, స్టెంట్ వేశాక చీలిన ఆ పొరను తప్పించి మళ్లీ అసలు దారిలోకి వైరు పంపడం కష్టమవుతుంది. ఈ అభ్యాసం మామూలు చీలికకు సరైనదే.

ఎల్‌ఏడీలో 3.0 × 28 స్టెంట్. వ్యాసాన్ని చీలిక దాటిన నాళాన్ని బట్టే ఎంచుకోవాలి. పై నాళాన్ని బట్టి 3.75 వేస్తే రెండు నాళాల మధ్య మొన, అంటే కెరీనా, కొమ్మ నోటి మీదికి జరుగుతుంది. స్టెంట్‌లో చీలికకు పైన 14 మి.మీ., కింద 14 మి.మీ. ఉంది. 10 అట్మాస్ఫియర్ల దగ్గర విప్పాక డయాగ్నల్ ప్రవాహం టిమి 3 (0 నుంచి 3 దాకా ఇచ్చే మార్కు, 3 అంటే మామూలు ప్రవాహం). ఇక్కడి దాకా బాగానే ఉంది.

తర్వాతి పని పోట్. చీలికకు పైభాగంలో స్టెంట్‌ను నాళం అసలు వ్యాసానికి విప్పి గోడకు అతికించడం. 3.75 × 12 బెలూన్ తీసుకున్నాం. దాని కింది మార్కర్‌ను (బెలూన్ హద్దు చూపే గుర్తును) సరిగ్గా కెరీనా మీద పెట్టి 14 అట్మాస్ఫియర్లు ఇచ్చాం. ఒక్క ఉబ్బింపులో రెండు తప్పులు జరిగాయి.

మొదటిది, మార్కర్ దగ్గర బెలూన్ ఆగదు. మార్కర్ దాటాక భుజం (సన్నబడుతూ వెళ్లే కొన) ఉంటుంది, అది కూడా ఉబ్బుతుంది. మార్కర్ కెరీనా మీద ఉంటే భుజం చీలిక దాటి ఎల్‌ఏడీలోకి వెళ్లినట్టే. 3.0 మి.మీ. నాళంలో 3.75 భుజం కెరీనాను డయాగ్నల్ వైపుకు తోసేసింది. రెండోది, పై భాగం 14 మి.మీ. ఉంటే బెలూన్ 12 మి.మీ. అందులో కొంత కిందికి జరిగిపోయింది. దాంతో స్టెంట్ పై అంచులో సుమారు 3 మి.మీ. గోడకు తగలకుండా వేలాడుతూ మిగిలింది.

మరుసటిసారి రంగు మందు ఎక్కించి చూస్తే డయాగ్నల్ టిమి 1. మొదట్లో చుక్కలాంటి రంగు, ఆపైన ఏమీ లేదు. బల్ల మీదున్న మనిషి, "సార్, అదే బరువు... ఈసారి ఎక్కువగా ఉంది" అన్నారు. మానిటర్ మీద ఒకటో లీడ్‌లో, ఏవీఎల్‌లో ఈసీజీ గీతలోని ఎస్టీ భాగం లేచింది, అంటే అక్కడి కండరానికి రక్తం అందడం లేదు. బీపీ 104కి దిగింది.

పనిచేయని ప్రయత్నాలు

నైట్రోగ్లిసరిన్ 200 మైక్రోగ్రాములు నాళంలోకే ఇచ్చి రెండు నిమిషాలు చూశాం. నాళం బిగుసుకుపోవడమే కారణమైతే వదులవ్వాలి. వదల్లేదు.

పాలిమర్ పూత ఉన్న కొత్త వైరు డయాగ్నల్‌లోకి సులువుగానే వెళ్లింది, ఎంత సులువంటే అనుమానం రావాల్సినంత. దాని మీద 1.5 మి.మీ. బెలూన్ పంపితే దిగలేదు. గైడ్‌ను లోపలికి నొక్కి ఊతమిచ్చాం, దిగలేదు. 1.2 మి.మీ. బెలూన్‌కు మార్చాం, అదీ దిగలేదు. ఇందులో ఏడు నిమిషాలు పోయాయి.

ఇంకా చిన్న బెలూన్ కోసం చూసే ముందు అడగాల్సిన ప్రశ్న: బెలూన్ ఎక్కడ ఆగుతోంది? కొమ్మ నోటి దగ్గరి స్టెంట్ తీగలు అడ్డుపడితే కెరీనా దగ్గర ఆగాలి. ఇక్కడ 14 మి.మీ. ముందే, స్టెంట్ పై అంచు దగ్గర ఆగుతోంది. అంటే వైరు స్టెంట్ నోట్లోంచి వెళ్లలేదు. వేలాడుతున్న అంచు కింద దూరి, స్టెంట్‌కూ గోడకూ మధ్యనుంచి డయాగ్నల్‌కు చేరింది. అదే దారిలో బలవంతంగా బెలూన్ దించి ఉబ్బిస్తే స్టెంట్ పైభాగం మొత్తం నలిగిపోయేది. రెండు ఎదురెదురు కోణాల్లో చూస్తే స్టెంట్ పైభాగంలో ఎల్‌ఏడీ వైరుకూ ఈ వైరుకూ మధ్య ఎడం స్పష్టంగా కనిపించింది. మొదటి చిత్రాన్నే ఇంకొంచెం ఆగి చూస్తే సరిపోయేది.

మొదటి నుంచీ స్టెంట్ బయట ఉన్న కాపలా వైరు మీద చిన్న బెలూన్ పంపి నోరు తెరవడం ఇంకో దారి. ప్రాణం మీదికొస్తే అదీ చేస్తారు. అయితే దానివల్ల ఎల్‌ఏడీ స్టెంట్ పక్కకు నలుగుతుంది, తర్వాత దాన్ని మళ్లీ నిలబెట్టాలి. బీపీ నిలకడగా ఉంది కాబట్టి దాన్ని చివరి ఆయుధంగా ఉంచుకున్నాం.

పనిచేసింది

తప్పు దారిలో ఉన్న వైరును తీసేశాం. కాపలా వైరును కదల్చలేదు. అది ఉన్నంతసేపు డయాగ్నల్ నోరు ఎటుందో చూపిస్తుంది, కోణాన్నీ కొంత వెడల్పు చేస్తుంది. ఎల్‌ఏడీ వైరు మొదటి నుంచీ స్టెంట్ లోపలే ఉంది, దాని మీదే ఈసారి 3.75 × 15 బెలూన్ పంపాం. భుజం కెరీనాకు కొంచెం ముందే ఆగేలా మార్కర్‌ను ఒక మి.మీ. వెనక్కి పెట్టి, పై కొన స్టెంట్ అంచుకు అందేలా చూసి ఉబ్బించాం. వేలాడే అంచు గోడకు అతుక్కుంది.

తర్వాత రెండు దారులున్న మైక్రోక్యాథెటర్ (సన్నని గొట్టం). ఒక దారి ఎల్‌ఏడీ వైరు మీద ఎక్కుతుంది, కాబట్టి అది స్టెంట్ లోపలినుంచే వెళ్తుంది. రెండో దారిలోంచి కొత్త వైరును చీలిక దాటాక ఎల్‌ఏడీలో బయటికి తీసి, మొనను డయాగ్నల్ వైపు తిప్పి మెల్లగా వెనక్కి లాగాం. కెరీనా దగ్గర అది ఎగిరి పడ్డట్టు డయాగ్నల్‌లోకి దిగింది. ఇలా వెనక్కి లాగుతూ దించితే కెరీనాకు ఆనుకున్న కింది గడిలోంచే (స్టెంట్ తీగల మధ్య ఖాళీలోంచే) దిగే అవకాశం ఎక్కువ. కింది గడిలోంచి తెరిస్తే స్టెంట్ తీగలు కొమ్మ నోటి పై గోడ మీదికి వాలి, అక్కడ కొంత కప్పు ఏర్పడుతుంది. పై గడిలోంచి తెరిస్తే కెరీనా మీద తీగలు అడ్డంగా మిగిలిపోతాయి. డీకే క్రష్‌లో మాత్రం నలిగిన స్టెంట్ బయటికి వైరు జారిపోకుండా పై గడి వైపే వెతుకుతారు. ఈ తేడాను కలగాపులగం చేసుకోకూడదు.

1.5 బెలూన్, ఆపైన 2.0. ప్రవాహం పోయిన 23వ నిమిషంలో డయాగ్నల్ టిమి 3 అయింది. నొప్పి తగ్గింది, ఎస్టీ దిగింది. అప్పుడే కాపలా వైరు తీశాం. తీసేటప్పుడు గైడ్ నాళంలోకి లోతుగా దూసుకుపోతుంది. ఒక చెయ్యి గైడ్‌ను వెనక్కి పట్టుకునే ఉండాలి, లేకపోతే లెఫ్ట్ మెయిన్ లోపొర చీలుతుంది.

ఇక్కడితో ఆపేయవచ్చా? ప్రవాహం బాగుండి, నోటి దగ్గర ఇరుకు మాత్రమే మిగిలి ఉంటే ఆపేవాళ్లం. స్టెంట్ వెనక చిక్కిన కొమ్మలు కంటికి కనిపించేంత చెడ్డవి కావు. 2005లో కూ బృందం ఎఫ్‌ఎఫ్‌ఆర్‌తో (ఇరుకుకు ముందూ తర్వాతా రక్త ఒత్తిడిని పోల్చే పరీక్షతో) కొలిచినప్పుడు 75 శాతం, ఆపైన ఇరుకు కనిపించిన 73 కొమ్మల్లో 20 మాత్రమే నిజంగా రక్తానికి అడ్డుపడుతున్నాయి. ఈ కేసులో అలా లేదు. డయాగ్నల్ లోపొర నోటి నుంచి 12 మి.మీ. దాకా చీలి, అందులో రంగు నిలిచిపోతోంది. వదిలేస్తే గదికి చేరేలోపే మళ్లీ మూసుకుపోతుంది. రెండో స్టెంట్ తప్పదు.

ఏ పద్ధతి?

డీకే క్రష్ ఇక కుదరదు. అందులో కొమ్మ స్టెంట్ ముందు వేసి, పెద్ద నాళంలోని బెలూన్‌తో నలిపి, ఒకసారి కిస్సింగ్ (రెండు నాళాల్లోనూ బెలూన్లు ఒకేసారి ఉబ్బించడం) చేసి, ఆ తర్వాతే పెద్ద నాళం స్టెంట్ వేస్తారు. ఎల్‌ఏడీలో స్టెంట్ వేసేశాక ఆ వరుసే ఉండదు. కొలతలు ముందే సరిగా ఉండి ఉంటే ఈ చీలికకు మా మొదటి ఎంపిక డీకే క్రష్ అయ్యేది.

కొమ్మ నోటి దగ్గరే మొదలయ్యేలా రెండో స్టెంట్ పెట్టే మామూలు టీ అయితే 50 డిగ్రీల కోణంలో నోటి పై అంచు దగ్గర ఖాళీ మిగులుతుంది. మళ్లీ ఇరుకు మొదలయ్యేది సరిగ్గా అక్కడే.

ట్యాప్‌లో కొమ్మ స్టెంట్‌ను ఎల్‌ఏడీలోకి కొంచెం పొడుచుకొచ్చేలా పెడతారు. ఖాళీ ఉండదు, తొందరగా అయిపోతుంది. నిజానికి అలసిన బృందానికి అదే ఆకర్షణ. కానీ పొడుచుకొచ్చే లోహం పొడవు కోణం మీద ఆధారపడి ఉంటుంది. కొమ్మ వ్యాసాన్ని కోణం టాంజెంట్‌తో భాగిస్తే కనీస పొడవు వస్తుంది. 2.5 మి.మీ. కొమ్మకు 70 డిగ్రీల దగ్గర 0.9 మి.మీ. 50 డిగ్రీల దగ్గర 2.1 మి.మీ. రెండు మి.మీ. లోహపు గోడ నాళం మధ్యలో నిలబడితే రేపు ఎల్‌ఏడీలోకి ఏ పరికరం పంపాలన్నా అదే అడ్డు.

క్యులాట్‌లో కొమ్మ స్టెంట్ పైభాగం ఎల్‌ఏడీ స్టెంట్ లోపల గొట్టంలా కూర్చుంటుంది, ఖాళీ ఉండదు, నిలువు గోడ కూడా ఉండదు. 70 లోపు కోణాలకు, రెండు కొమ్మల వ్యాసాలు మరీ తేడాగా లేనప్పుడు బాగా ఒప్పుతుంది. 3.0, 2.5 కాబట్టి సరిపోతుంది. ఒక్క అడ్డంకి: డయాగ్నల్‌కు సరిపోయే 2.5 స్టెంట్ పైభాగం 3.75 దాకా సాగాలి. పెట్టె మీదున్న గరిష్ఠ వ్యాసం చూడాల్సింది ఇప్పుడే. మా చేతిలో ఉన్న స్టెంట్‌కు ఆ హద్దు 3.75. వేరే తయారీల్లో 2.5 స్టెంట్ అంత సాగకపోవచ్చు. అలాంటప్పుడు ఈ పద్ధతిని వదులుకోవాలి.

2.5 × 18 స్టెంట్, ఎల్‌ఏడీలోకి 3 మి.మీ. మాత్రమే వచ్చేలా. రెండు పొరల లోహం ఎంత తక్కువ పొడవుంటే అంత మేలు. విప్పే ముందు ఎల్‌ఏడీ వైరును వెనక్కి తీశాం, లేకపోతే రెండు స్టెంట్ల మధ్య ఇరుక్కుంటుంది. విప్పాక 3.75 × 8 బెలూన్‌తో పోట్. ఎల్‌ఏడీలోకి కింది గడిలోంచి మళ్లీ వైరు, 2.0 తో, ఆపైన 3.0 తో గడి తెరవడం. తర్వాత 3.0, 2.5 నాన్ కంప్లయంట్ బెలూన్లను ముందు విడివిడిగా 16 అట్మాస్ఫియర్లకు, తర్వాత రెండూ కలిపి 12కు ఉబ్బించి, రెండింటినీ ఒకేసారి కుదించాం. కిస్సింగ్‌లో రెండు బెలూన్లు పక్కపక్కన ఉన్న పైభాగంలో స్టెంట్ కోడిగుడ్డులా అవుతుంది. అందుకే ఆ పైభాగాన్ని పొట్టిగా ఉంచి, చివర్లో మళ్లీ పోట్ చేసి గుండ్రంగా తెచ్చాం.

ఐవస్‌లో కనీస వైశాల్యం చీలికకు పైన 9.4, ఎల్‌ఏడీ నోట్లో 6.2, డయాగ్నల్ నోట్లో 4.3 చదరపు మి.మీ. స్టెంట్ అంచుల్లో లోపొర చీలలేదు. వాడిన రంగు మందు 230 మి.లీ.

ఖర్చు మాట కూడా చెప్పాలి. 2017 ఫిబ్రవరిలో కేంద్రం మందు పూత స్టెంట్ ధరను, పన్నులు కాక, 29,600 రూపాయలకు కట్టేసింది. అప్పటి నుంచి చీలిక కేసుల్లో బిల్లు పెరిగేది రెండో స్టెంట్ కంటే అదనపు బెలూన్లు, ఐవస్ క్యాథెటర్, మైక్రోక్యాథెటర్ వల్లే. ఈ మాట ఇంటివాళ్లకు ముందే చెప్పాలి.

ఇప్పుడు మార్చుకున్నవి

డయాగ్నల్ 2.5 మి.మీ. లేదా అంతకు పెద్దదైతే పద్ధతి నిర్ణయించే ముందే రెండు నాళాల్లోనూ ఐవస్ లేదా ఓసీటీ (కాంతితో నాళం లోపల చూసే పద్ధతి). 2023లో వచ్చిన, ‘అక్టోబర్’ అని పేరున్న అధ్యయనంలో 1,201 మంది చీలిక రోగుల్లో ఓసీటీ చూసి వేసినవాళ్లకు రెండేళ్లలో పెద్ద ప్రమాదాలు 10.1 శాతం, యాంజియో మాత్రమే చూసి వేసినవాళ్లకు 14.1 శాతం. కొమ్మ జబ్బు పొడవును రెండు కోణాల్లో కొలిచి, ఎక్కువ వచ్చిందే రాసుకుంటున్నాం.

పోట్ బెలూన్ పొడవును స్టెంట్ పైభాగం పొడవుతో సరిచూసుకోవడం, భుజం ఎక్కడుందో స్టెంట్ ఎన్‌హాన్స్‌మెంట్ చిత్రంలో (స్టెంట్‌ను స్పష్టం చేసి చూపే ఎక్స్‌రే చిత్రంలో) చూడటం ఇప్పుడు తప్పనిసరి. పక్కనున్న టెక్నీషియన్ ఆ రెండు అంకెలూ పైకి చదువుతారు. బెలూన్ రెండు ప్రయత్నాల్లో దిగకపోతే మూడోసారి తొయ్యకుండా, ఎక్కడ ఆగిందో చూస్తున్నాం.

ఆ తర్వాత

ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగేది) పెరిగింది. ఎకోలో పక్క గోడ కదలిక కొంచెం తగ్గింది. వైరు తప్పు దారిలో పడ్డ విషయం దాచకుండా భార్యకూ కొడుక్కూ చెప్పాం. "పెద్ద కాలువ గట్టు సరిచేస్తుంటే పిల్ల కాలువ తూము పూడింది, తీసేసరికి ఇరవై మూడు నిమిషాలు పట్టింది" అన్నప్పుడు, "ఆ నీళ్లందక కొంత చేను దెబ్బ తినుంటుందా సార్?" అని కొడుకు సరిగ్గా అడగాల్సిందే అడిగాడు. కొంత తిని ఉంటుందని చెప్పాం. క్లోపిడోగ్రెల్ మాని టికాగ్రెలార్‌కు మార్చాం: 180 మి.గ్రా., ఆపైన రోజుకు రెండుసార్లు 90, దానితో ఆస్పిరిన్ 75. చీలికలో రెండు స్టెంట్లు కాబట్టి, రక్తస్రావం ముప్పు తక్కువ కాబట్టి 12 నెలలు.

మూడు నెలల ఎకోలో గోడ కదలిక మామూలైంది. ట్రెడ్‌మిల్ మీద తొమ్మిది నిమిషాలు నొప్పి లేకుండా నడిచారు. ఐదో నెలలో పన్ను పీకించుకోవడానికి వెళ్తే రెండు మాత్రలూ వారం ఆపమన్నారట. కొడుకు ఫోన్ చేశాడు. ఒక్క పూట కూడా ఆపొద్దని, పన్ను తీసిన చోట దూదితో గట్టిగా నొక్కి, కుట్టు వేస్తే చాలని డెంటిస్ట్‌తో మాట్లాడాం. పన్ను తీశారు. మాత్రలు ఆగలేదు.